చలువను దాచుకునే బండి

ఎండకు కొదవలేని నేల మీద ఎండతోనే నడిచే ఫ్రిజ్ పెట్టుకోవడం ఎంత పని అనిపిస్తుంది. కర్నూలుకు దగ్గరలో గని, శకునాల గ్రామాల పరిసరాల్లో దాదాపు 6 వేల ఎకరాల్లో 1000 మెగావాట్ల సౌర పార్కు 2017లో నిలబడింది. కడప జిల్లా మైలవరం మండలంలోనూ పెద్ద సౌర పార్కుకు చోటు దొరికింది. సాలు పొడవునా సగటు తీస్తే ఇక్కడ చదరపు మీటరు నేల మీద రోజుకు సుమారు ఐదున్నర యూనిట్ల ఎండ పడుతుంది. కాబట్టి గండికోట చూసుకుని, బెలుం గుహల మీదుగా అహోబిలం దాకా పోయే ఒక వ్యాను కప్పు మీద రెండు సోలార్ ప్లేట్లు, లోపల ఒక బ్యాటరీ, ఒక చిన్న ఫ్రిజ్ ఉంటే చాలని ఎవరైనా అనుకుంటారు. ఆ మూడూ కావాలి, నిజమే. కానీ ఇక్కడ కరెంటును పుట్టించే ఎండే ప్లేటును వేడెక్కించి దాని పని తగ్గిస్తుంది, బ్యాటరీ ఆయుష్షు తింటుంది, ఫ్రిజ్ చేయాల్సిన చాకిరీని రెట్టింపు చేస్తుంది. రాయలసీమలో బండికి కరెంటు ఏర్పాటు చేసేవారికి అసలు ప్రత్యర్థి చీకటి కాదు, వేడి. అందుకే ఆలోచన ప్లేట్ల దగ్గర కాక ఫ్రిజ్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవాలని, రాత్రి కోసం కరెంటుతో పాటు చల్లదనాన్ని కూడా నేరుగా దాచుకోవాలని ఈ అధ్యాయంలో వాదించబోతున్నాను.

ఇది విహారయాత్రలకు పోయేవారి ముచ్చట మాత్రమే అనుకోకూడదు. పల్లెలకు మందులు తీసుకుపోయే 104 వాహనాలు, 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు తిరిగేది ఈ రోడ్ల మీదే. గొర్రెలకు వేసే పీపీఆర్ టీకా, మనుషులకు వేసే ఇన్సులిన్, పిల్లల టీకాలు చాలావరకు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో బయట 44 డిగ్రీలున్న రోజున, తలుపులు మూసి ఎండలో నిలబెట్టిన బండి లోపల 55 డిగ్రీలు దాటడం వింత కాదు. అలాంటి చోట 4 డిగ్రీల మూలను ఒకదాన్ని కాపాడుకోవడమంటే పాలు, పెరుగు చెడకుండా చూసుకోవడం కంటే చాలా పెద్ద సంగతి.

ఫ్రిజ్ చలువను తయారు చేయదు. పెట్టె లోపలికి చొరబడిన వేడిని ఎత్తి బయట పారబోస్తుంది. బావిలోంచి నీళ్లు తోడే మనిషికి రెండు కష్టాలుంటాయి: ఎన్ని కడవలు తోడాలన్నది ఒకటి, ఎంత లోతు నుంచి తోడాలన్నది రెండోది. ఫ్రిజ్ కష్టమూ అంతే. పెట్టె గోడల గుండా ఎంత వేడి లోపలికి వస్తుందన్నది కడవల లెక్క. లోపలి చలికీ బయటి వేడికీ మధ్య ఎన్ని డిగ్రీల తేడా అన్నది లోతు లెక్క. బయటి వేడి పెరిగితే ఈ రెండూ ఒకేసారి పెరుగుతాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. 40 లీటర్ల పెట్టెకు ఐదు సెంటీమీటర్ల పఫ్ (వేడి ఆపే నురగ) గోడలున్నాయనుకుందాం. మూత రబ్బరు పట్టీ దగ్గర కారిపోయేదాన్ని కూడా కలుపుకుంటే ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు 0.65 వాట్ల వేడి లోపలికి వస్తుంది. లోపల 4 డిగ్రీలు, బయట 30 డిగ్రీలు అయితే 17 వాట్లు. బయట 45 అయితే దాదాపు 27 వాట్లు. ఇక ఎత్తిపోత సంగతి. 30 డిగ్రీల గాలిలో మంచి చిన్న కంప్రెసర్ ఒక వాటు కరెంటుతో 1.7 వాట్ల వేడిని బయటకు తోస్తుందనుకుంటే, 45 డిగ్రీల గాలిలో అదే యంత్రం 1.3 వాట్లకు దిగిపోతుంది. రెండు లెక్కలూ కలిపి చూస్తే సగటున 10 వాట్లు తాగే పెట్టె 20 వాట్లు తాగుతుంది. లోపలికీ బయటికీ తేడా సుమారు ఒకటిన్నర రెట్లయితే ఖర్చు రెట్టింపయింది. ఈ లెక్క తేలితే మొదటి రూపాయి దేనికి పెట్టాలో దానంతటదే తేలుతుంది. గోడ మందం రెండింతలు చేస్తే గోడ గుండా వచ్చే వేడి సగానికి దగ్గరగా తగ్గుతుంది. ఆ పఫ్‌కు నెలనెలా తుడుపు అక్కర్లేదు, మబ్బు పడితే అది పని ఆపదు, దానికి ఫ్యూజు కాలదు. బండి కప్పుకు తెల్లరంగు, కప్పు లోపలి వైపు వేడి ఆపే పొర, ఫ్రిజ్ వెనక వేడిగాలి బయటకు పోయేలా కింద ఒక రంధ్రం, పైన ఒక రంధ్రం. ఇవన్నీ అయ్యాకే ప్లేట్ల బేరానికి పోవాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఇరుకు అలమారాలో ఊపిరాడకుండా ఫ్రిజ్‌ను ఇరికించి, అది ఆగకుండా ఆడుతోందని ఇంకో బ్యాటరీ కొంటారు.

ఫ్రిజ్ రకం ఎంచుకోవడంలో ఈ నేల మరీ కఠినమైన పరీక్ష పెడుతుంది. కారు సాకెట్‌కు తగిలించే చవక చలువపెట్టెల్లో చాలావరకు పెల్టియే పద్ధతివి. 1834లో ఫ్రెంచి శాస్త్రవేత్త పెల్టియే కనిపెట్టిన సూత్రం అది. రెండు వేర్వేరు పదార్థాల అతుకు గుండా కరెంటు పోతే ఒక పక్క చల్లబడి మరో పక్క వేడెక్కుతుంది. కదిలే కంప్రెసర్ లేదు, బరువు లేదు, ధర తక్కువ. కానీ ఈ పెట్టెలు బయటి గాలి కంటే సుమారు 20 డిగ్రీలు మాత్రమే కిందికి దించగలవు. బెంగళూరు డిసెంబరులో అది చాలు. ప్రొద్దుటూరు మే నెలలో లోపల 25 డిగ్రీలుంటుంది, అంటే మంచి మట్టికుండ అడుగుతో సమానం. పైగా అది 50 వాట్ల చొప్పున ఆగకుండా తాగితే రోజుకు 1200 వాట్-గంటలు, అంటే 1.2 యూనిట్లు. 1922లో స్వీడన్ విద్యార్థులు ఫన్ ప్లాటెన్, ముంటెర్స్ కనిపెట్టిన గ్యాస్ మంటతో నడిచే ఫ్రిజ్ చాలా దేశాల్లో బండ్లలో వాడుకలో ఉంది. కానీ అది బండి సమంగా నిలబడితేనే సరిగా నడుస్తుంది, బయట విపరీతమైన వేడి ఉంటే డీలా పడుతుంది, తానే బోలెడంత వేడిని వదులుతుంది. మనుషులు పడుకునే ఇరుకు చోట మంట వద్దని చెప్పడానికి వేరే కారణం కూడా అక్కర్లేదు. ఇక్కడ నిలిచేది 12 వోల్టుల డీసీ కంప్రెసర్ ఫ్రిజ్ ఒక్కటే. అదీ పైనుంచి మూత తెరిచే రకమైతే మేలు. చల్లగాలి బరువు కాబట్టి నిలువు తలుపు తెరవగానే కిందికి కారిపోతుంది, పెట్టెలో అయితే అడుగునే ఉంటుంది.

ఇంట్లో వాడే 180 లీటర్ల ఫ్రిజ్ కర్నూలులో ఏ అంగడిలోనైనా దొరుకుతుంది, చెడితే బాగుచేసేవాళ్లు వీధికొకరున్నారు, ధర డీసీ పెట్టె కంటే తక్కువ, సాలుకు 150 నుంచి 200 యూనిట్లకు మించి కాల్చదు. దాన్నే ఇన్వర్టర్‌తో నడుపుకుంటే పోదా అన్న ప్రశ్న సబబైనదే. లెక్కలో ఫ్రిజ్ తప్పేమీ లేదు, ఖర్చంతా ఇన్వర్టర్‌ది. ఏ పనీ చేయకుండా మేలుకుని ఉండడానికే చాలా ఇన్వర్టర్లు 10 నుంచి 20 వాట్లు తాగుతాయి. ఇరవై నాలుగు గంటలకు అది 240 నుంచి 480 వాట్-గంటలు. అంటే ఫ్రిజ్ తినేంత కూడు దాని ద్వారపాలకుడూ తింటాడు. కంప్రెసర్ లేచే క్షణంలో మామూలుకు ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి ఇన్వర్టర్ పెద్దది కావాలి, పెద్దదానికి ఊరికే తాగే అలవాటూ పెద్దదే. గుంతల రోడ్ల కుదుపులకు ఇంటి ఫ్రిజ్ గొట్టాలు తట్టుకోవడం మరో సమస్య. కరెంటు స్తంభం పక్కనే ఎక్కువకాలం నిలబడే బండికైతే ఇంటి ఫ్రిజ్ తప్పు కాదు. తిరిగే బండికి మాత్రం వద్దు.

ఇప్పుడు ప్లేట్ల సంగతి. ఈ విషయంలో సీమ నేలకు ఒక వరం ఉంది. కర్నూలు అక్షాంశం 15.8 డిగ్రీలు, కడపది 14.5. ఏప్రిల్ చివర, మే మొదట ఒకసారి, ఆగస్టులో మరోసారి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. యూరప్‌లో ప్లేట్లను ఏటవాలుగా నిలబెట్టకపోతే చలికాలంలో పని జరగదు. ఇక్కడ కప్పు మీద పరుండబెట్టినా డిసెంబరు మధ్యాహ్నం నష్టం నాలుగో వంతుకు మించదు, వేసవిలో నష్టమే ఉండదు. శాపం కూడా పక్కనే ఉంది. ప్లేటు మీద రాసిన 200 వాట్లు దాని సెల్ 25 డిగ్రీల దగ్గరున్నప్పటి లెక్క. వేసవి మధ్యాహ్నం ఆ సెల్ 65, 70 డిగ్రీలకు చేరుతుంది. డిగ్రీకి 0.35 నుంచి 0.4 శాతం చొప్పున తగ్గుతుంది కాబట్టి ఆరో వంతు అక్కడే పోతుంది. దుమ్ము, వైర్లు, ప్లేటు నుంచి బ్యాటరీకి కరెంటు పంపే కంట్రోలర్ కలిపి మొత్తం 30 శాతం తీసేసి లెక్క వేసుకోవడం క్షేమం. అలా చూస్తే 200 వాట్ల ప్లేటు రోజుకు సుమారు 770 వాట్-గంటలు, 300 వాట్ల ప్లేట్లు 1150 వాట్-గంటలు ఇస్తాయి. ప్లేటును కప్పుకు అతికించకుండా నాలుగైదు సెంటీమీటర్ల ఖాళీ వదిలితే ఆ సందులో గాలి ఆడి ప్లేటు చల్లబడుతుంది, కప్పుకు గొడుగు కూడా అవుతుంది. ఒక్క ఖర్చుతో ఇన్ని పనులు చేసిపెట్టే వస్తువు బండిలో ఇంకొకటి లేదు.

బండిని వేపచెట్టు నీడన పెడితే మనుషులకు, ఫ్రిజ్‌కు హాయి, ప్లేట్లకు పస్తు. ప్లేటులోని సెల్స్ వరసగా ఒకదానికొకటి కలిసి ఉంటాయి కాబట్టి ఒక కొమ్మ నీడ ఒక మూల పడినా మొత్తం వరస మీద దెబ్బ పడుతుంది. దీనికి నా జవాబు: ప్లేట్లలో కనీసం ఒకటి విప్పి తీసేలా ఉండాలి. బండి నీడలో, ప్లేటు పది మీటర్ల అవతల ఎండలో. అంత దూరానికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే 200 వాట్ల దగ్గర నష్టం 5 శాతం. చెట్టు నీడలో ఫ్రిజ్‌కు తగ్గే ఖర్చు దానికంటే చాలా ఎక్కువ.

రాత్రి సంగతికి వస్తే, మామూలుగా అందరికీ తట్టే జవాబు బ్యాటరీ. కరెంటు కోతలకు అలవాటుపడిన మన ఇళ్లలో ఇన్వర్టర్ కింద ఉండే ట్యూబులర్ బ్యాటరీని చూడని వారు లేరు. 12 వోల్టులు, 150 ఆంపియర్-గంటలదైతే లెక్కకు 1800 వాట్-గంటలు. కానీ సగానికి మించి దింపితే త్వరగా చెడుతుంది కాబట్టి చేతికొచ్చేది 900. బరువు యాభై కిలోల పైమాటే. డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఛార్జింగులో హైడ్రోజన్ వదులుతుంది కాబట్టి పడుకునే చోట గాలి ఆడని పెట్టెలో పెట్టకూడదు. పైగా 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకు దీని ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందన్నది ఈ రంగంలో అందరూ పాటించే లెక్క. ఇంట్లో ఐదేళ్లు వచ్చేది ఉడికే బండిలో రెండేళ్లకే చేతులెత్తేస్తే అది కంపెనీ తప్పు కాదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 100 ఆంపియర్-గంటలది పన్నెండు కిలోల చుట్టూ ఉంటుంది, దాచినదాన్లో ఎక్కువ భాగం వాడుకోనిస్తుంది, వేల సార్లు నిండి ఖాళీ అవుతుంది. దానికీ వేడి పడదు. 45 డిగ్రీలు దాటిన చోట ఛార్జింగ్ మంచిది కాదని చాలా బ్యాటరీల కాగితాలే చెబుతాయి. అందుకే దాని చోటు ఇంజను పక్కన కాదు, కప్పు కింద కాదు, నీడపట్టున బండి అడుగున.

అయితే దాచుకోవడానికి బ్యాటరీ ఒక్కటే దారి కాదు. దీనికి సాక్ష్యం ఈ జిల్లాల్లోనే ఉంది. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కేంద్రం కట్టినవారు పగటి కరెంటును నీళ్ల ఎత్తు రూపంలో దాస్తున్నారు. మిగులు కరెంటుతో నీటిని పై జలాశయానికి తోడి, అవసరం వచ్చినప్పుడు కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. దానికంటే మన బండికి దగ్గరి ఉదాహరణ ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉంటుంది. పిల్లల టీకాలుంచే ఐఎల్ఆర్ అనే పెట్టె అది. పైమూత పెట్టె, లోపలి గోడల చుట్టూ నీళ్ల పొర. కరెంటున్నప్పుడు ఆ నీళ్లు గడ్డకడతాయి, కరెంటు పోయినప్పుడు ఆ మంచు కరుగుతూ లోపలి చలిని నిలబెడుతుంది. రోజులో ఎనిమిది గంటలు కరెంటుంటే చాలు, ఇరవై నాలుగు గంటలూ టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంటాయి. దానికి బ్యాటరీ లేదు. కరెంటే లేని చోట్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించే సౌర ఫ్రిజ్‌లలో ఒక జాతి కూడా ఇదే దారిలో నడిచింది. ప్లేటు నుంచి నేరుగా కంప్రెసర్‌కు కరెంటు, రాత్రికి మంచు. వేడి ప్రాంతాల కోసం వాటిని 43 డిగ్రీల గాలిలో పెట్టి పరీక్షిస్తారు. అంటే మన మే నెలే వాటి పరీక్ష గది.

ఇదే సూత్రాన్ని బండిలోకి తెచ్చి చూద్దాం. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్లు, అంటే 93 వాట్-గంటల వేడిని మింగుతుంది. రాత్రి బండి లోపల సగటున 30 డిగ్రీలుంటే మన పెట్టెలోకి వచ్చే వేడి 17 వాట్లు, పదమూడు గంటలకు సుమారు 220 వాట్-గంటలు. దాన్ని మింగడానికి రెండున్నర కిలోల మంచు చాలు. మూడు లీటరు సీసాలు! ఫ్రీజర్ అర ఉన్న పెట్టెలో పగలు వీటిని గడ్డకట్టించి, పొద్దుగూకాక చల్లటి అరలోకి మార్చి, కంప్రెసర్‌ను ఆపేయవచ్చు. నీళ్లు గడ్డకడితే తొమ్మిది శాతం ఉబ్బుతాయి కాబట్టి సీసాను అంచు దాకా నింపకూడదు, అంతే జాగ్రత్త.

దీనికి గట్టి ఆక్షేపణ ఉంది. అదే రాత్రిని బ్యాటరీ మీద నడిపితే ఖర్చు 130 వాట్-గంటలే. పగటి వేడిలో, ఫ్రీజర్ చలికి దిగి మంచు కట్టించాలంటే 200 నుంచి 250 వాట్-గంటలు పోతాయి. ఎక్కువ కరెంటు కాల్చి తక్కువ కరెంటు మిగుల్చుకోవడం ఏం లాభం? లెక్క నిజమే, కానీ రెండు కరెంట్ల విలువ ఒకటి కాదు. బండి వాడకం మితంగా ఉంటే మధ్యాహ్నానికల్లా బ్యాటరీ నిండిపోతుంది. అప్పటి నుంచి సాయంత్రం దాకా పడే ఎండను కంట్రోలర్ ఊరికే వదిలేస్తుంది. మంచు కట్టేది ఆ వదిలేసే కరెంటుతో. రాత్రి ఆదా అయ్యేది బ్యాటరీలోంచి తీయాల్సిన కరెంటు, దాని ప్రతి తీతకూ అరుగుదల ఉంది. మంచుకు అరుగుదల లేదు. లక్ష సార్లు కరిగి గడ్డకట్టినా నీళ్లు నీళ్లే. ఇంకొకటి, నా దృష్టిలో ఇది పెద్దది: నల్లమల ఘాట్ల కుదుపులకు ఒక స్క్రూ వదులై ఫ్యూజు దగ్గర వైరు ఊడితే, బ్యాటరీ మీద ఆధారపడిన పెట్టెలో తెల్లారేసరికి అంతా వెచ్చబడుతుంది. మంచు ఉన్న పెట్టె రాత్రంతా నిలబడుతుంది. బ్యాటరీ వద్దనడం లేదు. ఫ్యాన్లకు, దీపాలకు, ఫోన్లకు, మబ్బు రోజులకు అది కావాలి. కానీ 200 ఆంపియర్-గంటలు కొనబోయే చోట 100 సరిపోతుంది.

ఇంత పొడిగాలి ఉన్న సీమలో తడిగుడ్డ, మట్టికుండ పద్ధతి చాలదా అని కూడా అడగవచ్చు. 42 డిగ్రీల గాలిలో తేమ 15, 20 శాతమే ఉంటే నీటి ఆవిరితో 22, 23 డిగ్రీల దాకా దిగవచ్చు. కోస్తాలో ఇది సాధ్యం కాదు. ఆకుకూరలు, టమాటాలు, తాగునీళ్లు ఆ పద్ధతిలో పెట్టుకుంటే ఫ్రిజ్ పెట్టె సగానికి చిన్నదవుతుంది. బండి లోపలి గాలిని కూడా చిన్న కూలర్‌తో చల్లబరిస్తే ఫ్రిజ్ ఖర్చూ తగ్గుతుంది. కాకపోతే కరువు నేలలో నీళ్లూ లెక్కపెట్టి వాడాల్సినవే. పాలకు, మాంసానికి, మందులకు 22 డిగ్రీలు పనికిరావు.

వైర్ల విషయంలో 12 వోల్టులు క్షమించవు. ఇంట్లో ఒక వోల్టు పోతే ఎవరికీ తెలియదు. బండిలో అదే ఒక వోల్టు పన్నెండో వంతు. సన్నని వైరుతో దూరంగా పెట్టిన ఫ్రిజ్ బ్యాటరీ నిండా ఉన్నా వోల్టేజీ లేదని ఆగిపోతుంది, జనం బ్యాటరీని తిడతారు. ఫ్రిజ్‌కు విడిగా 4 లేదా 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయాలి. బ్యాటరీ ప్లస్ కొన నుంచి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. దారిలో ఎక్కడ వైరు ఒరిసి బండి బాడీకి తగిలినా వందల ఆంపియర్లు పారి నిప్పు పుడుతుంది, దాన్ని ఆపేది ఆ ఫ్యూజు ఒక్కటే. ఇంజను స్టార్ట్ చేసే బ్యాటరీని ఈ పనులకు వాడకూడదు. డీసీ-డీసీ ఛార్జర్ ద్వారా బండి నడుస్తున్నప్పుడు రెండో బ్యాటరీని నింపుకుంటే నైరుతి మబ్బుల రోజుల్లో అదే ఆదుకుంటుంది. బండి నిర్మాణాన్ని మార్చే పనైతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ముందే ఆర్టీవో ఆమోదం తీసుకోవాలి.

మందులు దాచేవారు మంచు విషయంలో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఇన్సులిన్‌కు వేడి ఎంత చెరుపో గడ్డకట్టడం అంతకంటే చెరుపు. ఒకసారి గడ్డకట్టింది కరిగి చూపుకు మామూలుగా కనిపించినా పనికిరాదు, పారేయాల్సిందే. ఐఎల్ఆర్‌లో టీకాలను గోడకు, అడుగుకు తగలకుండా బుట్టలో పెట్టేది ఇందుకే. ఫ్రీజర్‌లోంచి తీసిన సీసా మొదట సున్నాకు చాలా దిగువన ఉంటుంది. పైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్లు కదిలే శబ్దం వచ్చేదాకా బయట ఉంచి, అప్పుడు పెట్టెలో పెట్టాలి. పల్లెలకు టీకాల డబ్బా మోసుకుపోయే ఏఎన్ఎంలు మంచు ప్యాకుల విషయంలో పాటించే పద్ధతి ఇదే. సీసాలకూ మందుకూ మధ్య మందపాటి అట్ట ఒకటి, మందు పక్కనే ఒక థర్మామీటరు ఉండాలి. బండిలో ఫ్రిజ్ పెట్టేవారు ఎక్కువమంది కొనడం మరిచిపోయే వస్తువు ఆ థర్మామీటరే.